పాపాయికి ఏ ఉయ్యాల కొందాం?

ఇంట్లో తెలుగు: నెలకో పని, ఆ పనికి కావలసిన మాటలు

మీ ఇంట్లో పాప పుట్టబోతోందా? అయితే ఈపాటికి మీకు మూడు సలహాలు వచ్చే ఉంటాయి. అమ్మమ్మ, "పాత చీర చాలు, కొక్కేనికి కట్టేద్దాం" అంటారు. అత్తగారు, "స్ప్రింగు బువాయన్ కొనండి, మీ ఆయన అందులోనే పెరిగాడు" అంటారు. ఆఫీసులో స్నేహితురాలు, "కరెంటుతో ఊగేది కొనుక్కో, పాటలు కూడా పాడుతుంది, నీ చేతులకు కాస్త తీరిక దొరుకుతుంది" అంటుంది. ముగ్గురూ ప్రేమతోనే చెబుతారు. ముగ్గురి మాటా వినండి. కానీ డబ్బు ఇచ్చే ముందు మిమ్మల్ని మీరు ఒక ప్రశ్న అడగండి: ఈ ఉయ్యాల పాపను ఊరుకోబెట్టడానికా, రాత్రంతా పడుకోబెట్టడానికా?

ఈ నెల మనం మాట్లాడుకునేది ఆ ప్రశ్న గురించే.

రెండు పనులు, రెండు మాటలు

తెలుగులో "ఊరుకోబెట్టు" అనే మాట ఉంది. ఏడుస్తున్న పాప ఏడుపు మానేలా చేయడం అని అర్థం. "పడుకోబెట్టు" వేరే మాట. పాపను పక్క మీద నిద్రకు ఉంచడం అని అర్థం. ఉయ్యాల మొదటి పనిని చాలా బాగా చేస్తుంది. తొమ్మిది నెలలు అమ్మ కడుపులో కదులుతూ ఉన్న పాపకు ఊగడం కొత్త కాదు. అందుకే ఉయ్యాల ఊపగానే ఏడుపు తగ్గుతుంది. రెండో పనికి మాత్రం ఉయ్యాల తగదు. ఎందుకో చూద్దాం.

పసిపాప తల పెద్దది, బరువైనది. మెడ ఇంకా బలపడదు. వాలుగా కూర్చోబెడితే, లేదా గుడ్డ మధ్యలో ఒళ్ళు వంగితే, తల ముందుకు వాలిపోతుంది. గడ్డం రొమ్మును తాకుతుంది. అప్పుడు గాలి వెళ్ళే దారి ఇరుకవుతుంది. మనమైతే నిద్రలోనే తల సర్దుకుంటాం. చిన్న పాపకు అది చేతకాదు. గాలి అందకపోయినా చాలాసార్లు ఏడవదు, చప్పుడు చేయదు. బయటికి చూస్తే హాయిగా నిద్రపోతున్నట్టే ఉంటుంది. భయపడవలసింది దీనికే.

అందుకే అమెరికాలోని పిల్లల వైద్యుల అకాడమీ 2022లో ఇచ్చిన సలహాలో ఇలా చెప్పింది: పాపను ప్రతి నిద్రకూ వెల్లకిలా పడుకోబెట్టాలి, పరుపు గట్టిగా, చదునుగా ఉండాలి, ఉయ్యాలలోనో కారు సీటులోనో నిద్రపోతే, వీలైనంత త్వరగా తీసి చదునైన పక్క మీద పడుకోబెట్టాలి. కనీసం మొదటి ఆరు నెలలు పాప అమ్మానాన్నల గదిలోనే, కానీ వేరే పక్క మీద పడుకోవాలని కూడా చెప్పింది. అదే సంవత్సరం అమెరికాలో ఒక చట్టం వచ్చింది. పది డిగ్రీల కన్నా ఎక్కువ వాలు ఉన్న వాటిని పసిపిల్లల నిద్రకోసం అమ్మకూడదని ఆ చట్టం చెబుతుంది. పది డిగ్రీలంటే ఎంత? ఒక మీటరు పొడవున్న పలకను ఒక వైపు సుమారు 17 సెంటీమీటర్లు పైకి లేపితే వచ్చే వాలు. అంతే! కూర్చునే ఉయ్యాలల్లో వాలు దీనికన్నా చాలా ఎక్కువ.

తోటలో చీర ఉయ్యాల

"మేమందరం చీర ఉయ్యాలలోనే పెరిగాం కదా, మాకేమైంది?" అని పెద్దవాళ్ళు అడుగుతారు. ఇది మంచి ప్రశ్న. దీన్ని నవ్వి కొట్టిపారేయకండి.

మలయాలో ఒప్పంద కూలీ పద్ధతి 1910లో రద్దయింది. ఆ తర్వాత కూడా మన తెలుగువాళ్ళు కంగాణీల వెంట ఓడ ఎక్కి వస్తూనే ఉన్నారు. రబ్బరు తోటల్లో పని తెల్లవారక ముందే మొదలయ్యేది. చల్లటి వేళలోనే రబ్బరు పాలు బాగా కారతాయి కనుక, ఆడవాళ్ళు కూడా చీకటితోనే చెట్లు గీయడానికి వెళ్ళేవారు. పసిపిల్లలను తోటలోని ఆయా దగ్గర వదిలేవారు. అక్కడ దూలానికి వరసగా గుడ్డ ఉయ్యాలలు వేలాడేవి. ఇంట్లోనైతే అమ్మ కట్టి విడిచిన చీరే ఉయ్యాల. డబ్బు ఖర్చు లేదు, అమ్మ వాసన పోదు, నేల మీది చీమలూ తేళ్ళూ అందవు. ఆ ఇళ్ళలో, ఆ రోజుల్లో, అంతకన్నా మంచి ఏర్పాటు దొరకడం కష్టం.

ఆ ఉయ్యాలకు ఇంకో గుణం ఉంది. దాన్ని ఎవరో ఒకరు ఊపాలి. ఒక చెయ్యి తాడు మీద ఉండేది. పాప కదిలినా, దగ్గినా, బరువు ఒక పక్కకు జరిగినా ఆ చేతికి తెలిసేది. ఊపే మనిషి ఆగితే ఉయ్యాల కూడా ఆగేది. నేటి మోటారు ఉయ్యాల అలా కాదు. మనం గదిలో లేకపోయినా అది ఊగుతూనే ఉంటుంది. మనకు తీరిక ఇస్తుంది; ఆ తీరికలోనే మనం పాపను చూడడం మర్చిపోతాం.

చీర ఉయ్యాల వంద శాతం క్షేమమని దీని అర్థం కాదు. గుడ్డలో పాప ఒళ్ళు వంగుతుంది, గడ్డం రొమ్ముకు తగులుతుంది, మెత్తటి గుడ్డ ముక్కుకు అడ్డం పడవచ్చు. పెద్దవాళ్ళ దగ్గర మనం నేర్చుకోవలసింది గుడ్డ గురించి కాదు, పక్కనే ఉండడం గురించి. ఈ మాట వాళ్ళతో ఇలాగే చెప్పండి. చాలామంది ఒప్పుకుంటారు.

దుకాణంలో ఏం చూడాలి

మన దేశంలో ఇప్పుడు దొరికేవి ముఖ్యంగా మూడు రకాలు.

మొదటిది గుడ్డ ఉయ్యాల. చీర గానీ బాటిక్ సారోంగ్ గానీ కట్టి వేలాడదీసేది. మీరు దీన్ని ఎంచుకుంటే ముందు పైకి చూడండి. పాత ఇంట్లో చెక్క దూలం ఉంటుంది, అది బరువు మోస్తుంది. కొత్త కాండోల్లో కనిపించే తెల్లటి పైకప్పు చాలాచోట్ల పల్చటి ప్లాస్టర్ పలక మాత్రమే. దానికి కొక్కెం బిగిస్తే నిలవదు. ఫ్యాను కొక్కేనికి అసలు కట్టకండి. ఉయ్యాల మోకాలి ఎత్తు కన్నా పైన ఉండకూడదు. కింద చాప లేదా పల్చటి పరుపు వేయండి. లోపల పాప కాళ్ళు తిన్నగా, దగ్గరగా బిగుసుకుపోకూడదు. మోకాళ్ళు వంగి, కప్ప కాళ్ళలా కొంచెం ఎడంగా ఉండాలి. తుంటి కీలు సరిగ్గా ఎదగడానికి అది అవసరం.

రెండోది స్ప్రింగు బువాయన్. ఇనుప స్టాండు, దానికి ఒక స్ప్రింగు, స్ప్రింగుకు వల లేదా గుడ్డ. కొన్నిటికి మోటారు కూడా ఉంటుంది. దుకాణంలో స్టాండును చేత్తో పక్కకు తోసి చూడండి. కదిలితే వద్దు. కాళ్ళు వెడల్పుగా ఉన్నదే తీసుకోండి. స్ప్రింగు ఎంత బరువు మోస్తుందో పెట్టె మీద చదవండి. స్ప్రింగు మరీ గట్టిదైతే కుదుపు ఎక్కువ. మరీ మెత్తనిదైతే ఉయ్యాల నేలకు జారుతుంది. స్ప్రింగు తెగినా పాప కింద పడకుండా పట్టే రెండో తాడు ఉందా అని తప్పకుండా అడగండి. స్ప్రింగు మీద గుడ్డ తొడుగు ఉంటే పిల్లల వేళ్ళు, అమ్మ జుట్టు ఇరుక్కోవు. మన వానకు, ఉక్కకు ఇనుము త్వరగా తుప్పు పడుతుంది. నెలకోసారి కొక్కేన్నీ స్ప్రింగునూ వేలితో తడిమి చూడండి.

స్ప్రింగు ఉయ్యాలను ఎంత గట్టిగా ఊపవచ్చు? పాప తలను చూడండి. తల అటూ ఇటూ కొట్టుకుంటుంటే ఎక్కువైనట్టే. పెద్ద పిల్లలు సరదాకు గట్టిగా లాగుతారు. పెద్దవాళ్ళు పక్కన లేనప్పుడు వాళ్ళను ఊపనివ్వకండి.

మూడోది కూర్చునే ఉయ్యాల. కుర్చీలా ఉండి, కరెంటుతోనో బ్యాటరీతోనో ఊగుతుంది. ఇందులో చూడవలసింది ముందుగా పట్టీలు. ఐదు చోట్ల బిగించే పట్టీ మంచిది: రెండు భుజాల మీద, రెండు నడుము దగ్గర, ఒకటి కాళ్ళ మధ్య. ఒక్క నిమిషమే అయినా పట్టీ పెట్టాలి. తర్వాత వాలు. కుర్చీని బాగా వెనక్కి వాల్చే వీలు ఉండాలి. మొదటి నాలుగు నెలలు అన్నిటికన్నా వెనక్కి వాల్చి మాత్రమే వాడండి. వేగం అన్నిటికన్నా తక్కువ దగ్గర మొదలుపెట్టండి. పాటల చప్పుడు తగ్గించే మీట ఉందో లేదో చూడండి. ఎన్ని కిలోల వరకు వాడవచ్చో పుస్తకంలో ఉంటుంది. ఆ బరువు రాకపోయినా, పాప లేచి కూర్చోవడానికి ప్రయత్నిస్తే ఇక ఆ ఉయ్యాల పని అయిపోయినట్టే.

గుడ్డ ఉయ్యాలకూ స్ప్రింగు ఉయ్యాలకూ గడువు ఇంకా ముందే వస్తుంది. పాప బోర్లా పడడం మొదలుపెట్టగానే, లేదా చేతుల మీద లేవగానే, వాటిని విప్పేయండి.

మూడిటికీ కొన్ని నియమాలు ఒకటే. లోపల దిండు వద్దు, దుప్పటి వద్దు, బొమ్మ వద్దు. మెడలో నల్లతాడు గానీ గొలుసు గానీ ఉంటే ముందు తీసేయండి. చేతికి కట్టిన పూసల దారం తెగితే పూసలు నోట్లోకి పోతాయి, దాన్ని కూడా తీసేయండి. దోమతెర వేస్తే బిగుతుగా లాగి కట్టండి, పాప ముఖానికి తగలకూడదు. ఒకసారికి అరగంట దాటకుండా చూడండి. నెలలు నిండకుండా పుట్టిన పాప అయితే, ఏ ఉయ్యాల వాడే ముందైనా డాక్టరును అడగండి.

ఎవరైనా వాడిన ఉయ్యాల ఇస్తే

మన ఇళ్ళలో ఉయ్యాల చేతులు మారుతుంది. అక్క పిల్లలకు కొన్నది చెల్లి ఇంటికి వస్తుంది. ఇది మంచి అలవాటే, డబ్బు కూడా మిగులుతుంది. కానీ మూడు పనులు చేయండి. పట్టీలన్నీ ఉన్నాయా, సరిగ్గా బిగుస్తున్నాయా చూడండి. చట్రంలో పగుళ్ళు, తుప్పు ఉన్నాయా చూడండి. అడుగున ఉన్న మోడల్ నంబరును ఫోనులో వెతికి, కంపెనీ దాన్ని వెనక్కి పిలిచిందేమో చూడండి.

ఈ మూడో పని ఎందుకంటే, 2024 అక్టోబరులో అమెరికాలో ఒక పెద్ద కంపెనీ 20 లక్షలకు పైగా కూర్చునే ఉయ్యాలలను వెనక్కి పిలిచింది. 2012 నుంచి 2022 వరకు వాటిలో నిద్రపోయిన ఐదుగురు పసిపిల్లలు చనిపోయినట్టు తెలియడమే కారణం. వాళ్ళ వయసు ఒకటి నుంచి మూడు నెలలు. ఎక్కువమంది విషయంలో పట్టీ పెట్టలేదు, లోపల పక్కబట్టలు వేశారు. అమ్మానాన్నలకు ప్రేమ లేక అలా జరగలేదు. పాప హాయిగా నిద్రపోతోంది కదా, లేపడం ఎందుకని అందరమూ అనుకుంటాం. ఆ ఒక్క ఆలోచన దగ్గరే జాగ్రత్త కావాలి.

పెద్దవాళ్ళకు ఎలా చెప్పాలి

ఉయ్యాల కొనడం సులువు. పాప నిద్రపోయాక ఉయ్యాల లోంచి తీద్దామని అత్తగారికి చెప్పడం కష్టం. తెలుగు కొంచెమే వచ్చినవాళ్ళకు ఇంకా కష్టం. మాటలు తక్కువైనప్పుడు చెప్పేది ఆజ్ఞలా వినిపిస్తుంది. "తియ్యండి" అన్నది తప్పు మాట కాదు, "అండి" కూడా ఉంది. అయినా పెద్దవాళ్ళ చెవికి అది కొంచెం గరుకుగా తగులుతుంది.

దీనికి మన భాషలో ఒక మంచి ఉపాయం ఉంది: "దామా". తీద్దామా, పడుకోబెడదామా, ఆపుదామా. ఇందులో నువ్వూ నేనూ ఇద్దరం ఉన్నాం. పని ఇద్దరిదీ అవుతుంది. ఈ వాక్యాలు గట్టిగా చదవండి:

"అత్తయ్యా, పాప కళ్ళు మూసింది. ఇప్పుడు పక్క మీద పడుకోబెడదామా?"

"అమ్మమ్మా, మీరు జోకొట్టండి, నేను ఎత్తుకుంటాను. మీ చెయ్యి పడితే మళ్ళీ నిద్రపోతుంది."

"అమ్మా, డాక్టరుగారు చదునుగా పడుకోబెట్టమన్నారు. లేచాక మళ్ళీ ఉయ్యాలలో వేద్దాం."

"మామయ్యా, కొంచెం మెల్లగా ఊపుదామా? పాప తల కదులుతోంది."

రెండో వాక్యంలో ఉన్న "జోకొట్టు" చూశారా? అరచేత్తో పాప ఒంటి మీద మెల్లగా, ఒకే లయలో తట్టడం. ఉయ్యాల లోంచి తీయగానే పాప ఉలిక్కిపడి లేస్తుంది. అప్పుడు ఉయ్యాల చేసే పనిని జోకొట్టే చెయ్యి చేస్తుంది. ఈ పని అమ్మమ్మలకూ నాయనమ్మలకూ మనకన్నా బాగా వచ్చు. పెద్దవాళ్ళ చేతిలోంచి ఉయ్యాల తాడు తీసుకుంటున్నప్పుడు, వాళ్ళ చేతికి ఈ పని ఇవ్వండి.

ఇంకో చిన్న సంగతి. "ఊగు" అంటే తానే కదలడం. "ఊపు" అంటే ఇంకొకరు కదపడం. పాప ఊగుతుంది, అమ్మమ్మ ఊపుతుంది. ఇలాంటి జంట ఇంకోటి మీకు తెలుసు: ఆగు, ఆపు. ఉయ్యాల ఆగింది, నాన్న ఉయ్యాల ఆపాడు.

బారసాల నాడు

మోటారు ఉయ్యాల కొన్నా, ఏమీ కొనకపోయినా, బారసాలకు ఒక ఉయ్యాల కావాలి. ఇళ్ళను బట్టి పదకొండో రోజున గానీ ఇరవై ఒకటో రోజున గానీ పాపకు పేరు పెడతారు. పళ్ళెంలో బియ్యం పోసి పేరు రాస్తారు. ఆ తర్వాత పాపను పూలతో అలంకరించిన ఉయ్యాలలో వేసి, ఆడవాళ్ళు చుట్టూ నిలబడి పాట పాడతారు. 15వ శతాబ్దంలో తిరుపతి వేంకటేశ్వరుడి మీద వేల పాటలు రాసిన తాళ్ళపాక అన్నమాచార్యుల పేరుతో ఉన్న జోలపాటను కూడా చాలా ఇళ్ళలో పాడతారు. దీనికోసం కొత్త ఉయ్యాల కొననక్కరలేదు. పది నిమిషాల పని. చుట్టూ ఇరవై మంది చూస్తూ ఉంటారు. చీర ఉయ్యాలకు ఇంతకన్నా మంచి చోటు లేదు. అమ్మమ్మ చీర అడిగి తీసుకోండి, ఆవిడ సంతోషిస్తారు.

ఖాళీ ఉయ్యాల ఊపకూడదని పెద్దవాళ్ళు అంటారు. నమ్మినా నమ్మకపోయినా పాటించండి. పెద్ద పిల్లలు ఉయ్యాలతో ఆడకుండా ఉంటారు, స్ప్రింగు కూడా ఎక్కువ రోజులు వస్తుంది.

ఇక పాట సంగతి. పుట్టిన కొద్ది రోజులకే పాప అమ్మ గొంతును గుర్తుపడుతుంది, ఆ గొంతు వినాలని చూస్తుంది. యంత్రం ఊపగలదు, చప్పుడూ చేయగలదు. కానీ పాప ఏడుపు విని మాట మార్చలేదు, "ఏమ్మా, ఆకలా?" అని అడగలేదు. మీకు జోలపాట రాకపోతే ఫరవాలేదు. ఉయ్యాల పక్కన కూర్చుని మీకు వచ్చిన తెలుగులో ఏదో ఒకటి చెప్పండి. "వాన పడుతోంది. నాన్న ఇంకా రాలేదు. అన్నం ఉడుకుతోంది." తప్పులు వచ్చినా పాప దిద్దదు. మన భాషకు ఇంత ఓపికగా వినే మనిషి మళ్ళీ దొరకదు.

కాబట్టి ఏ ఉయ్యాల కొనాలి? మీ ఇంటికీ మీ డబ్బుకూ సరిపోయేది, గట్టిగా నిలబడేది, మీరు కూర్చునే చోటికి దగ్గరగా పట్టేది కొనండి. దానితో పాటు గట్టి పరుపు ఉన్న చదునైన కాట్ కూడా కొనండి. రెండిటికీ డబ్బు చాలకపోతే ముందు కాట్ కొనండి. ఊపడానికి మన చేతులు ఉన్నాయి.

ఈ నెల మాటలు

ఉయ్యాల: ఊగేది. మలయ్ భాషలో బువాయన్. తెలంగాణలో కొందరు తొట్టెల అంటారు.
కొక్కెం: వంకరగా ఉండే ఇనుప ముక్క, దేన్నైనా వేలాడదీయడానికి.
దూలం: ఇంటి కప్పును మోసే పెద్ద చెక్క.
చదును: ఎత్తుపల్లాలు లేకుండా సమంగా ఉండడం. "ఈ పరుపు చదునుగా ఉంది."
వాలు: ఒక వైపు ఎత్తు, ఒక వైపు పల్లం. "కుర్చీ వాలుగా ఉంది."
వెల్లకిలా: వీపు కింద, ముఖం పైకి. దీనికి ఎదురు మాట బోర్లా.
కునుకు: చిన్న నిద్ర. "పాప ఒక కునుకు తీసింది."
ఉలిక్కిపడు: ఒక్కసారిగా అదిరిపడు.

ఇంట్లో చేయండి: "దామా" పెట్టి మూడు వాక్యాలు తయారు చేయండి. ఒకటి అమ్మతో, ఒకటి అత్తయ్యతో, ఒకటి మీ ఆయనతో గానీ మీ ఆవిడతో గానీ అనండి. ఎవరు వెంటనే "సరే" అన్నారో గమనించండి.